నాట్ల కాలం, కాన్పుల కాలం: కృష్ణా డెల్టాలో స్త్రీల వ్యవసాయ శ్రమ, కుటుంబ నిర్ణయాలు

ఉపోద్ఘాతం

వరి సాగు ఖర్చుల పట్టిక తయారు చేసేటప్పుడు నాట్ల వరుసలో ఎకరాకు పది నుంచి పన్నెండు మంది కూలీలు అని వ్రాయడం మనకు అలవాటు. ఆ సంఖ్యను కూలి రేటుతో హెచ్చవేసి తరువాతి వరుసకు వెళ్తాము. ఆ పది పన్నెండు మందీ దాదాపుగా స్త్రీలే అన్న సంగతి పట్టికలో కనిపించదు. వారిలో కొందరికి మూడేళ్లలోపు బిడ్డలు ఉంటారన్నది, ఆ బిడ్డలను చూసుకునే మనిషి ఇంట్లో ఉంటేనే వారు పనికి రాగలరన్నది అసలే కనిపించదు. పైరుకు నీరు ఎప్పుడు కావాలో, నత్రజని ఎప్పుడు వేయాలో సస్య విజ్ఞాన శాస్త్రం రోజులతో సహా చెబుతుంది. ఆ పైరును నాటే మనిషికి ఏ వయసులో పెళ్లి అయింది, ఎంతమంది పిల్లలతో ఆగింది, ఎందుకు ఆగింది అన్న ప్రశ్నలను మాత్రం మనం గృహ విజ్ఞానానికో, ఆరోగ్య శాఖకో వదిలివేశాము.

ఈ రెండు లెక్కలను ఒకచోట చేర్చి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. కృష్ణా డెల్టాలో కుటుంబ పరిమాణాన్ని నిర్ణయించిన ముఖ్య కారణాలలో స్త్రీ పురుషుల మధ్య పని విభజన ఒకటని, మనం సిఫారసు చేసే ప్రతి సాంకేతిక పద్ధతీ ఆ విభజనను ఏదో ఒక దిశగా కదిలిస్తుందని ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను. అందువల్ల విస్తరణ శాస్త్రవేత్త తనకు తెలియకుండానే కుటుంబ నిర్ణయాలలో భాగస్వామి అవుతున్నాడు. తెలిసి భాగస్వామి కావడం మేలు.

గణాంకాలు చెప్పే విషయం

ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున కనే పిల్లల సంఖ్యను మొత్తం సంతానోత్పత్తి రేటు అంటారు. ఒక తరం స్థానాన్ని మరో తరం భర్తీ చేయడానికి ఇది 2.1 ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఈ రేటు 1992-93లో 2.6, 1998-99లో 2.25, 2005-06లో 1.8గా నమోదయింది. ఇవి ఉమ్మడి రాష్ట్రానికి చెందిన అంకెలు. విభజన తరువాతి ఆంధ్రప్రదేశ్‌లో 2015-16లో 1.8, 2019-21లో 1.7. అదే 2019-21 సర్వేలో దేశ సగటు 2.0. అంటే మన రాష్ట్రం ఇరవై ఏళ్ల క్రితమే భర్తీ స్థాయికి దిగువకు చేరి, అక్కడే నిలిచింది.

ఈ తగ్గుదలలో ఒక చిక్కుముడి ఉన్నది. కేరళలో సంతానోత్పత్తి తగ్గినప్పుడు స్త్రీల అక్షరాస్యత, శిశు ఆరోగ్యం కారణాలుగా చెప్పడం సులభమయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991 జనాభా లెక్కల నాటికి స్త్రీల అక్షరాస్యత సుమారు 33 శాతమే. పెళ్లి వయసు కూడా తక్కువే. చదువు పెరగకముందే, పెళ్లి ఆలస్యం కాకముందే పిల్లల సంఖ్య తగ్గింది. దీనికి ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమం ఒక కారణమన్నది నిజమే. అయితే కార్యక్రమం తలుపు తట్టినంత మాత్రాన ఎవరూ తెరవరు. తలుపు తెరవడానికి లోపల తగిన కారణం ఉండాలి. ఆ కారణాన్ని వెదకాలంటే పొలం గట్టు మీదికి వెళ్లవలసి ఉంటుంది.

డెల్టా పనుల పట్టిక

విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో 1957 నుంచి ప్రకాశం బ్యారేజి సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టుకు నీరందిస్తున్నది. కాలువ నీటి వ్యవసాయంలో పనుల తేదీలను రైతు ఒక్కడే నిర్ణయించుకోలేడు. కాలువ వదిలిన తరువాత ఊరంతా ఒకేసారి దమ్ము చేస్తుంది, ఊరంతా ఒకేసారి నాటుతుంది. నీరు ఆలస్యమైతే నారు ముదురుతుంది. 1986లో బాపట్ల నుంచి విడుదలయిన సాంబ మసూరి వంటి దీర్ఘకాలిక రకాల నాట్లు ఆలస్యమైతే కోత కూడా ఆలస్యమై పంట తుఫాను వానల పాలు కావచ్చు. వెనుక వేయవలసిన మినుముకు నేలలో తేమ కూడా మిగలదు. అందుకే నాట్లు కొద్ది వారాలలోనే ముగియాలి. 2015లో ప్రారంభమైన పట్టిసీమ ఎత్తిపోతల వల్ల గోదావరి నీరు బ్యారేజికి చేరి కొన్ని సంవత్సరాలలో నాట్లు ముందుకు జరిగాయి. తేదీ మారినా తొందర మారలేదు.

ఈ పనుల విభజన విద్యార్థులకు తెలిసినదే అయినా మరొకసారి పరిశీలించడం అవసరం. దుక్కి, దమ్ము, గట్లు చెక్కడం, నీరు పెట్టడం, నారుకట్టలు మోయడం, ఎరువులు చల్లడం, మందు కొట్టడం, కుప్ప వేయడం, నూర్పిడి సాధారణంగా పురుషుల పనులు. ఊడ్పులు, కలుపు తీత, మినుము పీకడం స్త్రీల పనులు. కోతలో ఇద్దరూ ఉంటారు. పురుషుల పనుల్లో చాలావాటికి పశువో, యంత్రమో, పనిముట్టో తోడుగా ఉన్నది. స్త్రీల పనుల్లో చాలావాటికి నడుము, చేతులే పనిముట్లు.

ఈ విభజనకు రెండు ఫలితాలు ఉన్నాయి. మొదటిది, స్త్రీ శ్రమకు ఒకేసారి గట్టి గిరాకీ ఏర్పడుతుంది. నాట్ల వారాలలో ఇంటి నుంచి ఒక స్త్రీ పనికి వెళ్లకపోతే ఆ ఇల్లు సంవత్సరంలో మంచి కూలి దొరికే రోజులను కోల్పోతుంది. రెండవది గుత్త పద్ధతి. ఎకరాకు ఇంత అని ఒప్పుకొన్న జట్టు ఎంత త్వరగా నాటితే అంత గిట్టుబాటు. ఈ లెక్కలో పాలిచ్చే తల్లి మధ్యలో ఇంటికి వెళ్లి వస్తే జట్టు వేగం తగ్గుతుంది. ఎవరూ ఆమెను వద్దని చెప్పనక్కరలేదు, ఆమే వెనుకాడుతుంది. నిండు గర్భిణికీ, బాలింతకూ ఈ పద్ధతిలో సెలవు లేదు, గైర్హాజరు మాత్రమే ఉన్నది.

త్వరగా పెళ్లి, త్వరగా కాన్పు, త్వరగా ఆపరేషన్

ఇప్పుడు కుటుంబ నియంత్రణ గణాంకాలను ఈ పట్టిక పక్కన పెట్టి చూద్దాం. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మంది శాశ్వత శస్త్రచికిత్స చేయించుకున్నారు. మొత్తం మీద ఏదో ఒక పద్ధతిని పాటిస్తున్న వారు సుమారు 71 శాతం. అంటే మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే స్త్రీకి జరిగే ఆపరేషన్ అనే అర్థం. మాత్రలు, లూప్ వంటి తాత్కాలిక పద్ధతుల వాటా నామమాత్రం. పురుషుల శస్త్రచికిత్స ఒక శాతం కూడా లేదు. 20 నుంచి 24 సంవత్సరాల స్త్రీలలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లి జరిగింది. ఆపరేషన్ చేయించుకున్న వారిలో ఎక్కువ మంది పాతికేళ్లలోపే చేయించుకోవడం మన రాష్ట్రపు ప్రత్యేకత.

ఈ క్రమాన్ని అజ్ఞానంగా కొట్టివేయడం పొరపాటు. కూలి కుటుంబంలోని స్త్రీ వైపు నుంచి చూస్తే దీనికి ఒక తర్కం ఉన్నది. బిడ్డలను కనే కాలం ఆమెకు కూలి రాని కాలం. రెండు కాన్పుల మధ్య ఐదేళ్ల ఎడం పెడితే పనికి అంతరాయం కలిగించే కాలం ఏడెనిమిదేళ్లకు సాగుతుంది. ఎడం లేకుండా ఇద్దరిని కని ఆపివేస్తే ఆ కాలం మూడు నాలుగేళ్లకు కుదించుకుపోతుంది. అత్త ఇంకా ఓపికగా ఉండగానే పిల్లలు నడిచే వయసుకు వస్తారు. ఆ తరువాత పాతికేళ్ల పాటు అంతరాయం లేకుండా పనికి వెళ్లవచ్చు. ఆర్థిక శాస్త్రంలో దీనిని అవకాశ వ్యయం అంటారు. ఒక పని చేయడం కోసం వదులుకున్న మరో పని విలువ అది. మూడవ బిడ్డ అవకాశ వ్యయాన్ని ఆమె నాట్ల రోజులలో లెక్కవేసింది.

ఈ తర్కానికి ఆమె శరీరం మూల్యం చెల్లించింది. ఎదగని వయసులో కాన్పు, ఎడం లేని రెండవ కాన్పు, వెంటనే శస్త్రచికిత్స, వెంటనే వంగి చేసే పని. అదే సర్వేలో రాష్ట్రంలోని 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. దీనికి కారణాలు అనేకం. అయినా పనుల పట్టికను పక్కనపెట్టి ఈ అంకెను అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

పురుషుల శస్త్రచికిత్స ఎందుకు లేదన్న ప్రశ్న మరింత ఆలోచింపజేస్తుంది. కోత, కుట్టు లేని పురుష శస్త్రచికిత్స స్త్రీల ఆపరేషన్ కంటే సులభమయినది, తక్కువ ప్రమాదం కలిగినది. అయినా బరువు పని చేసే మగవాడికి ఆపరేషన్ అయితే సత్తువ తగ్గుతుందన్న భయం ఊళ్లలో బలంగా ఉన్నది. నెత్తిన గడ్డిమోపు మోసే స్త్రీకి ఈ భయం ఎందుకు వర్తించలేదు? ఆమె చేసేది బరువు పనిగా లెక్కకు రాలేదు గనుక. ఇది వైద్య విషయంగా కనిపించినా, మూలంలో పనికి మనం ఇచ్చిన విలువకు సంబంధించినది. ఈ భయం మార్చరానిదేమీ కాదు. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో కరీంనగర్ జిల్లాలో ఆరోగ్య సిబ్బంది పట్టుదల వల్ల పురుషులు చెప్పుకోదగ్గ సంఖ్యలో ముందుకు వచ్చారు.

మూడు కుటుంబాలు, మూడు లెక్కలు

డెల్టా అంతటినీ ఒకే గాటన కట్టలేము. విస్తరణ శాస్త్రవేత్తకు కనీసం మూడు రకాల కుటుంబాలు ఎదురవుతాయి.

మొదటిది పైన చెప్పిన కూలి కుటుంబం. ఇక్కడ స్త్రీ చేసే పనికి కూలి ఉన్నది, అది పురుషుడి కూలి కంటే తక్కువ. సమాన పనికి సమాన వేతనం అన్న చట్టం 1976లోనే వచ్చింది. అయితే స్త్రీ పురుషులు ఒకే పని చేయనప్పుడు, ఏ పని దేనితో సమానమన్న వాదనలోనే చట్టం ఆగిపోతుంది.

రెండవది కౌలు కుటుంబం. డెల్టాలో సాగు బరువును అధికంగా మోస్తున్నది వీరే. ముందుగా ఒప్పుకొన్న కౌలు బస్తాలు పోను మిగిలేది తక్కువ గనుక, కూలికి పెట్టవలసిన పనులను ఇంటి మనుషులే చేసుకుంటారు. ఆ ఇంటి స్త్రీ తమ పొలంలో కలుపు తీస్తుంది, పాడి చూసుకుంటుంది, వీలైనప్పుడు ఇతరుల పొలానికి కూలికి వెళ్తుంది. ఆమె శ్రమకు జీతం లేదు, పాసు పుస్తకంలో పేరు లేదు, కౌలు పత్రంలోనూ పేరు ఉండదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాలలో స్త్రీల పేరున ఉన్నవి సుమారు 14 శాతమే. ఈ కుటుంబంలో పిల్లల సంఖ్యను పరిమితం చేసేది కూలి నష్టం కంటే చదువు ఖర్చు. విజయవాడ పరిసరాలలో ప్రైవేటు పాఠశాలలు, హాస్టలు కళాశాలలు విస్తరించిన తరువాత ఇద్దరిని చదివించడమే గగనమన్న మాట ప్రతి కౌలు రైతు నోటా వినిపిస్తుంది. పిల్లలు పెరిగి తల్లిదండ్రులకు సంపద తెచ్చే దశ నుంచి, తల్లిదండ్రుల సంపద పిల్లల వైపు ప్రవహించే దశకు సమాజం మారినప్పుడు సంతానం తగ్గుతుందని జనాభా శాస్త్రవేత్త జాన్ కాల్డ్‌వెల్ 1976లో ప్రతిపాదించాడు. పశువులు కాచే పిల్లవాడు బడి బస్సు ఎక్కిన రోజున డెల్టా ఆ దశను దాటింది.

మూడవది భూమి ఉండి, సాగు నుంచి తప్పుకున్న కుటుంబం. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటా ఆ హక్కు 2005లో వచ్చింది. డెల్టాలో పసుపు కుంకుమ కింద కుమార్తెకు పొలం ఇచ్చే ఆచారం అంతకు ముందు నుంచే ఉన్నది. భూమి ముక్కలవుతుందన్న ఆలోచన ఈ కుటుంబాలను ఒకరిద్దరు పిల్లలకు పరిమితం చేసింది. ఆ పిల్లలు ఇంజనీరింగు చదివి హైదరాబాదుకో, అమెరికాకో వెళ్లారు. కుమార్తె ఉద్యోగం, ఆలస్యంగా పెళ్లి, ఒక్క బిడ్డ ఇప్పుడు మామూలు విషయాలు. ఊళ్లో ఉండి సాగు చేసే యువకుడికి పిల్లనిచ్చే వారు లేరన్న మాట కూడా ఈ మార్పులో భాగమే. చదువుకున్న యువతి తిరస్కరిస్తున్నది మట్టిని కాదు. తన తల్లి ఆ మట్టిలో ఎలాంటి స్థానంలో నిలబడి పని చేసిందో చూసి, ఆ స్థానాన్ని తిరస్కరిస్తున్నది.

ఈ మూడు కుటుంబాలకూ ఉమ్మడి అంశం ఒకటి ఉన్నది. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం దేశంలో ఇంటి పనులు చేసే స్త్రీలు వాటిపై రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటి పనిలో పాలుపంచుకునే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. అటువంటి పురుషులు నూటికి 26 మందే. కూలి నాలి చేసే స్త్రీకైనా, కంప్యూటరు ముందు కూర్చునే స్త్రీకైనా రెండవ బిడ్డ అంటే ఈ నిమిషాలు పెరగడమే.

యంత్రం వచ్చిన తరువాత

ఒక ఊహాత్మక గ్రామాన్ని లెక్క కోసం తీసుకుందాం. 500 ఎకరాల మాగాణి, నాట్లకు వెళ్లే స్త్రీలు 150 మంది. ఎకరాకు పది మంది చొప్పున 5,000 పని దినాలు కావాలి. ఒక్కొక్కరికి సుమారు 33 రోజుల పని. నాట్లు 25 రోజులలో ముగియాలంటే 200 మంది కావాలి. యాభై మంది కొరతే రైతు నోట కూలీల సమస్యగా వినిపిస్తుంది. ఇప్పుడు సగం విస్తీర్ణంలో డ్రమ్ సీడరుతోనో, యంత్రంతోనో, పొడి దుక్కిలో వెదజల్లడం ద్వారానో సాగు జరిగిందనుకుందాం. నాట్ల పని 2,500 దినాలకు తగ్గుతుంది. రైతు కొరత తీరింది. స్త్రీకి మాత్రం 33 రోజులు సుమారు 17 రోజులయ్యాయి. నేరుగా విత్తిన వరిలో కలుపు ఎక్కువ. ఆ పని ఆమెకు వస్తుందనుకుంటే, దానిని కలుపు మందు, పిచికారీ యంత్రం పట్టుకున్న పురుషుడికి అప్పగిస్తున్నాయి.

ఈ సిఫారసు సస్య విజ్ఞానపరంగా సరైనదే. ఖర్చు తగ్గుతుంది, నీరు ఆదా అవుతుంది, వంగి నాటే శ్రమ తప్పుతుంది. నడుము నొప్పితో నాట్లు నాటమని ఎవరినీ కోరలేము. అయితే నాట్లు లేకపోతే మా పని ఏమిటన్న ప్రశ్న ప్రదర్శన క్షేత్రాల గట్ల మీద వినిపిస్తూనే ఉన్నది. మనలో చాలామందిమి, నాతో సహా, ఆ ప్రశ్నను మన విషయం కానట్లుగా వినివదిలేశాము. యంత్రం పనిని తీసుకోవడం ఒక సంగతి, ఆ యంత్రం ఎవరి చేతికి వెళ్లిందన్నది మరో సంగతి. 1970లో ఎస్టర్ బోసరప్ తన గ్రంథంలో ఆసియా, ఆఫ్రికా దేశాల వ్యవసాయాన్ని పరిశీలించి, ఆధునిక పనిముట్లు, శిక్షణ పురుషులకు చేరాయని, స్త్రీలు చేతి పనిముట్లతో మిగిలిపోయారని చెప్పింది. మన డెల్టాలో వరికోత యంత్రం, నాటు యంత్రం నడిపేవారిని గమనిస్తే ఆ పరిశీలన నేటికీ నిలుస్తుంది.

పని తగ్గితే పిల్లల సంఖ్య పెరుగుతుందా? తీరిక పెరుగుతుంది గనుక పెరగవచ్చునని ఒక వాదన. ఆదాయం, ఇంటిలో మాట చెల్లుబాటు తగ్గుతాయి గనుక ఉన్న పిల్లలను సాకడమే కష్టమవుతుందని మరో వాదన. పెరగలేదని పై సర్వే అంకెలు చెబుతున్నాయి. 2005-06 నుంచి యంత్రాలు విస్తరించిన కాలమంతటా రేటు 1.8 దరిదాపుల్లోనే ఉన్నది. మారేది సంఖ్య కంటే ఎక్కువగా ఆడబిడ్డ స్థానమేమోనన్నది నా ఆందోళన. గోధుమ ప్రాంతాల కంటే వరి ప్రాంతాలలో ఆడపిల్లల మనుగడ మెరుగ్గా ఉండడానికి వరిలో స్త్రీ శ్రమకున్న గిరాకీ ఒక కారణం కావచ్చునని ఆర్థికవేత్త ప్రణబ్ బర్ధన్ 1974లో ప్రతిపాదించాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు ప్రతి వేయి మంది బాలురకు బాలికలు 2001లో 961 ఉండగా 2011లో 939కి తగ్గారు. దీనికి యాంత్రీకరణే కారణమని చెప్పడానికి ఆధారం లేదు. కట్నం, స్కానింగు దుర్వినియోగం, చిన్న కుటుంబంలో కొడుకు కావాలన్న కోరిక బలమైన కారణాలు. అయినా పొలంలో స్త్రీ అవసరం తగ్గినప్పుడు, ఆ స్థానంలో మరో గౌరవప్రదమైన పని రాకపోతే, ఆమె విలువను కాపాడుతున్న ఒక స్తంభం తొలగినట్లే.

ఇతర దేశాల నుంచి పాఠం

దక్షిణ కొరియా రెండు తరాల క్రితం వరి నాటే దేశం. నేడు అక్కడి మొత్తం సంతానోత్పత్తి రేటు ప్రపంచంలోనే అతి తక్కువ స్థాయికి చేరింది. 2023లో అది 0.72. స్త్రీలు బాగా చదువుకొని ఉద్యోగాలలో చేరారు, ఇంటి బాధ్యతల పంపకం మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోయింది. పల్లెల్లోని యువ రైతులు పెళ్లికూతుళ్ల కోసం వియత్నాం వంటి దేశాల వైపు చూడవలసి వచ్చింది. 2023లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన క్లాడియా గోల్డిన్ విశ్లేషణ కూడా దీనినే చెబుతున్నది. ఆర్థిక వృద్ధి వేగంగా జరిగి, ఇంటిలో పురుషుడి పాత్ర అంత వేగంగా మారని దేశాలలో జననాలు మరీ తగ్గాయన్నది ఆమె వాదన.

మన రాష్ట్ర విధానం ఇప్పుడు మలుపు తిరిగింది. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్న వారు స్థానిక సంస్థలలో పోటీ చేయరాదని 1994 పంచాయతీ రాజ్ చట్టం నిబంధన పెట్టింది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తొలగించింది. ముప్పై ఏళ్లు తక్కువ మందిని కనమని చెప్పి, ఇప్పుడు ఎక్కువ మందిని కనమని చెప్పడం ఒక ప్రకటనతో అయ్యే పని కాదు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది. అది జీతం ఇచ్చే సంస్థలలో పని చేసేవారికి. నాట్ల జట్టులోని స్త్రీకి 2017లో వచ్చిన మాతృ వందన యోజన మొదటి కాన్పుకు 5,000 రూపాయలు ఇస్తున్నది. ఆ మొత్తం కొద్ది రోజుల కూలికే సమానం. అంగన్‌వాడీ ఉదయం తొమ్మిదికి తెరుస్తారు. నాట్ల జట్టు తెల్లవారకముందే బయలుదేరుతుంది. మధ్యలోని ఆ మూడు గంటలకు జవాబు లేకుండా మూడవ బిడ్డ గురించి ఆమెతో మాట్లాడే నైతిక అర్హత ఎవరికీ ఉండదు.

విస్తరణ శాస్త్రవేత్త చేయవలసినది

ఎంతమంది పిల్లలను కనాలో చెప్పడం మన పని కాదు. ఆ నిర్ణయాన్ని శ్రమ భారం శాసించకుండా చూడడంలో మాత్రం మనకు పాత్ర ఉన్నది. ఆచరణ కోసం కొన్ని సూచనలు.

1. సాగు ఖర్చుల నమోదులో కూలి దినాలను స్త్రీ, పురుషుల వారీగా వేరు చేయాలి. కుటుంబ శ్రమను కూడా అదే విధంగా వ్రాయాలి. సర్వే పత్రంలో ఇంటిలోని చిన్న బిడ్డ వయసు, పని వేళల్లో ఆ బిడ్డను చూసేదెవరు అన్న రెండు ప్రశ్నలు చేర్చాలి. పట్టికలో లేనిది సిఫారసులోకి రాదు.

2. ప్రతి కొత్త పద్ధతినీ సిఫారసు చేసే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పద్ధతి ఎవరి పనిని తగ్గిస్తుంది? ఎవరి ఆదాయాన్ని తగ్గిస్తుంది? కొత్తగా వచ్చే నైపుణ్యం ఎవరి చేతికి వెళ్తుంది? మిగిలిన సమయం ఎవరి అదుపులో ఉంటుంది?

3. యంత్రాల శిక్షణ స్త్రీలతో మొదలు కావాలి. నాటు యంత్రానికి ట్రేలలో నారు పెంచడం స్త్రీల జట్లు చేపట్టదగిన పని. నాట్ల గుత్త తీసుకునే జట్టే రేపు యంత్రంతో నాట్ల గుత్త తీసుకోవచ్చు. 2023లో ప్రకటించిన డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు అందించాలన్న లక్ష్యంతో వచ్చింది. డ్రోను సంఘం పేరున ఉండి, ఎగరవేసేది మరొకరు అయితే ప్రయోజనం లేదు. కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ సంఘాలు భూమి కౌలుకు తీసుకొని ఉమ్మడిగా వరి పండించిన అనుభవం మన సంఘాలకు దారి చూపగలదు.

4. శిక్షణ వేళలు, క్షేత్ర దినోత్సవాలు ఇంటి పని వేళలను గమనించి నిర్ణయించాలి. బిడ్డను వెంట తెచ్చుకునే ఏర్పాటు లేని శిక్షణకు చిన్న తల్లులు రారు. రాలేదు గనుక ఆసక్తి లేదని వ్రాసుకోవడం మన లోపం.

5. నాట్ల వారాలలో అంగన్‌వాడీ వేళలను ముందుకు జరపడానికి, తాత్కాలిక శిశు సంరక్షణ ఏర్పాటుకు పంచాయతీతో, శిశు సంక్షేమ శాఖతో మాట్లాడాలి. ఐదుగురు లేదా అంతకు మించి చిన్న పిల్లలు ఉన్న పని ప్రదేశంలో వారిని చూసేందుకు ఒక మనిషిని నియమించాలన్న సూత్రాన్ని 2005 ఉపాధి హామీ చట్టం అంగీకరించింది. మడిలో పనికి ఆ సూత్రం ఎందుకు వర్తించరాదు? కాలువ విడుదల తేదీ తెలిసిన రోజునే ఈ సమన్వయం మొదలు కావాలి. ఆ తేదీని ముందుగా తెలుసుకునేది మనమే.

6. రైతు సమావేశాలకు వచ్చే పురుషులతో ఇంటి పని గురించి, పురుషుల శస్త్రచికిత్స గురించి మాట్లాడే అవకాశం ఆరోగ్య సిబ్బందికి మన వేదికల మీద ఇవ్వాలి. వంద మంది పురుషులు ఒకచోట చేరే సందర్భాలు పల్లెలో తక్కువ. వాటిలో ఒకటి మన చేతిలో ఉన్నది.

ముగింపు

కృష్ణా డెల్టా స్త్రీ, చదువు అందకముందే, ఎవరి సిద్ధాంతాల కోసమూ ఎదురుచూడకుండా, తన పనిని బట్టి తన కుటుంబాన్ని కుదించుకున్నది. ఆ నిర్ణయం ఆమెదే అయినా, ఎంచుకునేందుకు ఆమె ముందున్న దారులు బహు కొద్ది. ఎప్పుడు పెళ్లి, ఎంత ఎడం, ఎవరికి ఆపరేషన్ అన్న ప్రశ్నలలో ఆమె మాట చెల్లిన సందర్భాలు తక్కువ. ఆమె కుమార్తెకు దారులు కొంత పెరిగాయి. అందుకే ఆమె పొలాన్ని విడిచి వెళ్తున్నది.

ఐక్యరాజ్య సమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. ఆ సందర్భంగా జరిగే సభలకంటే, నాట్ల వరుసలో పది మంది కూలీలు అన్న చోట వారెవరో వ్రాసే చిన్న మార్పు ఎక్కువ మేలు చేయగలదు. పైరుకు సమయానికి నీరు అందాలని చెప్పే శాస్త్రం, ఆ పైరును నాటే తల్లికి సమయానికి విశ్రాంతి అందాలని చెప్పడానికి వెనుకాడనవసరం లేదు.

విద్యార్థులకు అభ్యాసం

1. మీ గ్రామంలో వరి సాగులోని పనులను స్త్రీ, పురుషుల వారీగా పట్టికగా వ్రాసి, గత ఇరవై ఏళ్లలో ఏ పని ఎవరి నుంచి ఎవరికి మారిందో గుర్తించండి.

2. పై ఊహాత్మక గ్రామంలో యంత్ర నాట్లు మొత్తం విస్తీర్ణానికి వ్యాపిస్తే స్త్రీల పని దినాలు ఎంత మారతాయి? నారుమళ్ల పనిని, యంత్రాల నిర్వహణను స్త్రీల జట్లకు అప్పగిస్తే ఆ నష్టంలో ఎంత భాగం పూడుతుందో మీ గ్రామంలోని కూలి రేట్లతో లెక్కవేయండి.

3. మీ ఇంటిలో మూడు తరాల స్త్రీలకు ఏ వయసులో పెళ్లి అయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఆ కాలంలో వారు చేసిన పని ఏమిటి అన్న వివరాలను వారి అనుమతితో అడిగి తెలుసుకోండి. ఈ వ్యాసంలోని ప్రతిపాదన ఎక్కడ సరిపోయింది, ఎక్కడ సరిపోలేదు అన్నది తరగతిలో చర్చించండి.